వైరం కోసే రంపం

18-8-85, ఆదివారం

భజన గుంపు మీటింగ్. జాజికోన తీర్థం దారికి మిషన్ రంపం కొనాలని తీర్మానం. చేతులెత్తినవాళ్ళలో సగంమంది ఆ దారిలో ఒక్క కంప తీసిన పాపాన పోలేదు.

ఏటా ఫాల్గుణ పున్నమికి జనం అడవిలో నడిచి కోనకు పోతారు. అంతకు ముందే మేం పోయి, గాలివానకు అడ్డంపడిన చెట్లు కోసి దారి చేయాలి. ఆ కట్టెలే కోన దగ్గర పులిహోర పొయ్యిలోకి. కట్టుబాటు ఒక్కటే. పడినదాన్నే ముట్టాలి, నిలబడినదాన్ని ముట్టకూడదు. ఈ మాట మీదే ఫారెస్టు గార్డు రాజారత్నం మమ్మల్ని లోపలికి వదిలేది. సరిగ్గా రాయాలంటే, నా మాట మీద.

ఇన్నేళ్ళూ రెండు పిడుల రంపం. ఆ పిడి మునివెంకటప్పది, ఈ పిడి నాది. దాన్ని లాగాలి తప్ప నెట్టకూడదు. నెడితే రేకు వంగుతుంది. సంసారం కూడా అంతేనని దేవకమ్మతో అన్నాను. నువ్వు లాగింది యాడ సూసినాను, నెట్టేదే గదా ఎప్పుడూ, అంది.

నా కుడి భుజం పోయింది. లేకపోతే మిషన్ ఎందుకు?

24-8-85

మద్రాసు. నేనూ మునివెంకటప్పా. వాడు రంపాలకు పదును పెట్టేవాడు కాబట్టి రంపం సంగతి వాడికి వదిలేశాను.

షాపులో మూడు మిషన్లు బల్ల మీద పెట్టారు. పెద్దది ఎత్తబోతే భుజం వద్దు అంది. నడిమిది బాగుంది. రేకు పొడుగు, మద్దిదుంగనైనా ఒక్క ఊపులో కోస్తుందట. ఇదే ఖాయం అనుకున్నాను. మునివెంకటప్ప చిన్నదాని మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఇదే సాలన్నా, నీ భుజానికి ఇదే మేలు, చందాలో పట్టేది కూడా ఇదే, గోనెసంచిలో ఏసుకోని పోవచ్చు, అన్నాడు. నా భుజం గురించి నాకన్నా వాడికే దిగులు. కళ్ళు చెమర్చాయి. మద్రాసు ఎండ అని చెప్పాను.

షాపతను అరవంలో మంచి మాట చెప్పాడు. కొనేముందు ఏం కోస్తారో చెప్పండి, మిషన్ నేను చెబుతాను అని. పడిన చెట్లు, పొయ్యికట్టెలు అన్నాను. అయితే చిన్నదే చాలు, చైను తరచూ పదును పెట్టుకోండి, పెట్రోల్లో ఆయిల్ కలపడం మరవకండి అన్నాడు. మునివెంకటప్ప రెండు అడిగాడు. సత్తం, అంటే చప్పుడు, ఎంత దూరం పోతుంది? వైరం అరుక్కుమా?

వైరం ఎవరితోరా నీకు అన్నాను. అందరూ నవ్వారు. బస్సులో చెప్పాడు, అరవంలో చెట్టు లోపలి గట్టి చేవని వైరం అంటారని, చేవను కోస్తుందా అని అడిగానని. మనకు పగ, వాళ్ళకు చేవ. మాటలు కూడా సరిహద్దు దాటితే వేషం మారుస్తాయి. నేను బడికి పోయినవాణ్ణి కాదు, బోండాలు కట్టే పొట్లం కాగితాల మీద చదువు నేర్చినవాణ్ణి. అందుకే నాకు తెలిసిన కథలన్నీ సగం సగమే. మిగతా సగం ఎవరి బోండాతోనో పోయింది.

1-9-85

కోనదారిలో ట్రయల్. పడిన వెలగచెట్టు. నాలుగుసార్లు తాడు లాగితే స్టార్టయింది. నెమళ్ళన్నీ ఒక్కసారిగా అరిచాయి. రాజారత్నం చెవులు మూసుకుని, దీంతో ఒక మనిషే సాలునా అన్నాడు. అవును, ఒక మనిషే చాలు. రెండో పిడి లేదు దీనికి.

14-10-85

చిన్నాయన పోయాడు. బోండాల కొట్టు మూత. ఎక్కడికీ పోయేది లేదు.

30-11-85

మునివెంకటప్ప వచ్చి పదునుకని రంపం తీసుకుపోయాడు. మొన్ననే పెట్టావు గదరా అంటే, మిషన్ అన్నా, బిడ్డ మాదిరి సూసుకోవాల అన్నాడు.

19-12-85

మళ్ళీ పదును. ఇంత శ్రద్ధ వాడి పెళ్ళి నాడు కూడా చూడలేదు. ఆ రోజు తాళి ఇంట్లో మరిచి వచ్చాడు. మేళగాడు పాపం, తాళి వచ్చేదాకా ఊది ఊది, చివరికి మజ్జిగ తాగి పడుకున్నాడు.

12-1-86

పొద్దున్నే రాజారత్నం కొట్టుకు వచ్చాడు. టీ వద్దన్నాడు. అప్పుడే తెలిసింది, మంచి మాట కాదని.

కోనకు ఎగువన ఎర్రచందనం చెట్లు నరికారట. నరికారు కాదు, కోశారు. మొదళ్ళు పీట మాదిరి నున్నగా ఉన్నాయట. గొడ్డలి పని కాదునా, ఈ చుట్టుపక్కల మిషన్ మీ ఒక్కరికే ఉండాది, అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తరవాత కోపమొచ్చింది. మిషన్ నా అటక మీద ఉంటుంది, లేకపోతే మునివెంకటప్ప ఇంట్లో. వాడు నా తమ్ముడు లెక్క. కొట్టు బయటికొచ్చి, కొండవైపు తిరిగి, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. మావాళ్ళెవరూ నిలబడిన చెట్టును ముట్టలేదని.

రాజారత్నం కూడా కొండకు దండం పెట్టుకున్నాడు. నీ మాట సాలునా, కానీ పైవాళ్ళకు పేరు కావాల, పేరు లేకుంటే ఈసారి తీర్థం దారి మూత, నా ఉద్యోగం కూడా మూతే, అని పోయాడు.

సాయంత్రం మునివెంకటప్పకు చెప్పాను. ఎవురో దొంగనాయాళ్ళు, మన పేరు సెడగొట్ట సూస్తాండారన్నా, అన్నాడు. నా భుజానికి నూనె రాసి పోయాడు.

2-2-86

దారి పని దగ్గరపడింది కదా అని రంపం దించి, చైను మూత విప్పాను. లోపల ఎర్రటి పొడి, ఆయిల్లో ముద్దకట్టి.

దేవకమ్మ మీద కేకలేశాను. ఆయుధపూజకు బొట్టు పెట్టమంటే మిషన్ కడుపునిండా కుంకుమ పోస్తావా అని. అది గడపలో నిలబడి, తిక్కముండాకొడకా అనలేదు గాని అన్నట్టే చూసింది. ఆయుధపూజ యాడ చేసినాము? సిన్నమావ పోయి మైలలో ఉంటిమే, అంది.

ఉంటిమి. పూజ లేదు. కుంకుమ లేదు.

పొడిని వేళ్ళమధ్య నలిపాను. కుంకుమ అంత మెత్తగా లేదు. పట్టుకుంటే చిన్న చిన్న పీచు.

అదే రోజు, సాయంత్రం

వైరం అరుక్కుమా.

ఎర్రచందనంలో అమ్ముడుపోయేది చేవే. పొయ్యిలోకి చేవ ఎవడికి కావాలి? సత్తం ఎంత దూరం పోతే మాకేమి? గోనెసంచిలో పట్టాలన్నది ఎవరి భుజం కోసం? అన్నీ నా పక్కనే కూర్చుని అడిగాడు. నేను నవ్వాను. పెద్ద భాషాపండితుణ్ణి కదా, బస్సులో అర్థం కూడా విడమరిచి చెప్పించుకున్నాను.

చెట్లు పోయినందుకు కాదు. దొంగతనానికి కూడా కాదు. కొండవైపు ఎత్తిన చెయ్యి నాది. ఆ చేతికే వాడు నూనె రాశాడు.

3-2-86

రాత్రి అన్నం తినలేదు. పొద్దున దేవకమ్మ చద్దన్నం కట్టి కొట్టుకు పంపింది.

9-2-86

పిలిపించి అడుగుదామని రెండుసార్లు కబురు పెట్టబోయాను. అడిగితే ఏడుస్తాడు. ఏడిస్తే నేను వదిలేస్తాను. నా సంగతి వాడికి తెలిసినంతగా నాకూ తెలుసు.

ఎర్రపొడి మాత్రం పొట్లం కట్టి దాచాను.

23-2-86

రంపాన్ని గోనెసంచిలో వేసి రాజారత్నానికి అప్పగించాను. నిజంగానే సులువుగా పట్టింది. నా ప్రమాణం తప్పు అని చెప్పాను. ఎవురునా, అన్నాడు. పేరు నా నోట వద్దు, దారి పని మొదలుపెట్టే రోజు రా, బొట్లు పెట్టేటప్పుడు పక్కనే ఉండు, పళ్ళెంలోది కాకుండా పొట్లంలోది ఎవరికి పెడతానో చూడు, అన్నాను. అతను సంచి వైపు చూసి, మీ ఇద్దరినీ ఒకరు లేకుండా ఒకర్ని నేను ఎప్పుడూ సూడలేదే, అన్నాడు.

పేరు చెప్పకుండానే అతనికి తెలిసిపోయిందనుకుంటాను.

16-3-86

అడవి మొదట్లో టెంకాయ కొట్టాం. అందరికీ పళ్ళెంలో కుంకుమ. మునివెంకటప్పకు పొట్లంలోది. ఏటా వంగినట్టే వంగాడు. మిషన్ ఆయిల్ వాసనకు తలెత్తి నన్ను చూశాడు. తుడుచుకోలేదు.

రాజారత్నం ముందుకొచ్చాడు. అడ్డంపడిన ఈ దుంగ ఒక్కటీ తెగనీ అప్పా అన్నాను. ఆగాడు.

పాత రంపం. ఆ పిడి వాడు, ఈ పిడి నేను. ఇద్దరం లాగాం. ఎవరూ నెట్టలేదు.