ఓడలో విందుకి ఎర్ర పట్టుచీర

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన నెలకే అమ్మాయి నన్ను ఓడ ఎక్కిస్తానంటోంది. చెన్నైలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి రావడం. అందులో ఒక రాత్రి అందరూ పెళ్లికి తయారైనట్టు తయారై భోజనానికి రావాలట.

అమ్మాయి నన్ను నరసరావుపేట తీసుకెళ్లి పొడుగు గౌను చూపించింది. "ఇదేందే, నన్ను చూసి జనం సముద్రంలో దూకాలనా?" అన్నాను.

ఇంటికొచ్చి మీరు కొన్న ఎర్ర పట్టుచీర బీరువాలోంచి తీశాను. "ఏమే, ఒక్కసారన్నా కట్టవే" అని మీరంటే, "ఇంత ఎరుపు కట్టుకుని ఎక్కడికి పోను?" అని మడతపెట్టేసిన చీర అది.

విప్పగానే అమ్మాయికి తుమ్ములు మొదలయ్యాయి, తర్వాత నాకూ. పురుగు పట్టకుండా మీరు ఏటా మన చేలో మొదటి కోత మిరపకాయలు ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి చీరల మధ్య పెట్టేవారు కదా. చివరిసారి పెట్టిన మూట మడతల్లోనే ఉంది. కాయలన్నీ నలిగి పొడయ్యాయి.

"చానా ఘాటుగా ఉందమ్మా, డ్రైక్లీనింగుకి ఇద్దాం" అంది అమ్మాయి.

"వద్దులే, ఎండలో వేస్తే పోద్ది" అన్నాను.

ఎండలో వేయలేదు. రేపే ప్రయాణం. చీరని మూటతో సహా పెట్టెలో సర్దాను. విందులో నా కళ్ల వెంట నీళ్లొస్తే అమ్మాయి మిరపకాయల వల్లే అనుకుంటుంది. అనుకోనీండి.