ఆ సినిమా మాట ఎత్తను

10 సెప్టెంబరు 1965, శుక్రవారం. ఉదయం 6.10

దీక్ష మొదలు. నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు ఆ యుద్ధం సినిమా మాట ఎత్తను. ఎవరు అడిగినా ఎత్తను. ఎవరూ అడగరులే, అది వేరే సంగతి.

కారణం రాసిపెట్టుకోవడం మంచిది. నా బావమరిది మున్వర్ పటాలంలో ఉన్నాడు. పంజాబు వైపు యుద్ధం మొదలైంది. ఆగస్టు రెండో వారం తర్వాత వాడి జాబు లేదు. నిన్న అన్నం దగ్గర నా భార్య ఖమ్రున్నీసా ముద్ద దిగక కూర్చుంది. ధైర్యం చెబుదామని, ఆ సినిమాలో సిపాయిలు వంతెన ఎలా దాటారో చూపించాను. గరిటె వంతెన. ఉప్పు జాడీ ట్యాంకు. వంకాయ ముక్కలు శత్రువులు. జాడీ వంకాయల మీదికి పోతుండగా ఆమె కంచం తోసేసి లేచింది.

"మా తమ్ముడు ఆడ ఉండాడో ల్యాడో తెలీక నేను చస్తాంటే, నువ్వీడ వంకాయలతో యుద్ధం చేస్తాండావా? మనిషివేనా నువ్వు?"

పొద్దున్నే మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయింది, వాళ్ళమ్మ చాంద్‌బీ దగ్గరికి. జాబు వచ్చేది ఆ ఇంటికే. బస్సు కిటికీలోంచి చెప్పింది.

"ఇరవై ఒక్క దినాలు ఆ సినిమా మాట నీ నోట్లోంచి రాకూడదు. వచ్చిందని తెలిసిందా, నేనింక ఈ ఊరికి రాను. మా అమ్మకాడనే ఉండిపోతా. ఆటకు చెప్పడం ల్యా."

ఆటకు కాదని నాకూ తెలుసు. చలికాలం దుప్పట్లు కూడా మూట కట్టుకుపోయింది.

నిషేధాలు:
కథ చెప్పకూడదు.
నోటితో తుపాకీ పేల్చకూడదు.
వంటసామాన్లు జరపకూడదు.
"అచ్చం అట్లనే ఆ సినిమాలో" అని మాట మొదలుపెట్టకూడదు.

ఇరవై ఒక్క రోజులు ఎంత! ఉపవాసాలు ఉన్నవాణ్ణి. నోరు కట్టుకోవడం నాకు కొత్తా?

11 సెప్టెంబరు, శనివారం. సాయంత్రం 5.00

బ్రహ్మాండం! నాలుగు చొక్కాలు, ఒక పైజామా కుట్టాను. మాట్లాడకపోతే ఇంత పని అవుతుందని ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

నా మిషను ఉండేది వీరభద్రయ్య బట్టలంగడి అరుగు మీద. ఆయన లోపల గుడ్డ చింపి ఇస్తాడు, నేను బయట కుడతాను. మధ్యలో ఖాళీ దొరికితే సినిమా చెబుతాను. చెప్పేవాణ్ణి. కాపలా ఆయనకే అప్పగించి పోయింది ఖమ్రున్నీసా.

"నువ్వు దిగులుపడొద్దు పాపా, నేను కనిపెట్టుకోనుంటా" అన్నాడట. అన్నట్టే కళ్ళద్దాలు మార్చి మార్చి చూస్తున్నాడు.

12 సెప్టెంబరు, ఆదివారం. మధ్యాహ్నం 3.00

రాయడం మాట ఎత్తడం కాదు. రాస్తే ఎవరికీ వినపడదు. అందుకని ఒక్కసారి రాసి మూసేస్తాను.

నాకు పదిహేనేళ్ళప్పుడు, అంటే పదకొండేళ్ళ కిందట, పెన్న ఒడ్డున డేరా సినిమా వచ్చింది. ఇంగ్లీషు సినిమా. ఊళ్ళో ఎవరికీ ముక్క రాదు. అందుకని తెర పక్కన ఖలందర్ సాయిబు చేత్తో కర్ర పట్టుకుని నిలబడి, మొత్తం తెలుగులో చెప్పేవాడు. సిపాయికి సుబ్బడు అని పేరు పెట్టింది ఆయనే. మంచు పడితే, "ఆకాశంలో ఎవరో దూది ఏకుతాండారప్పా" అన్నాడు. దూదేకుల ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది.

సుబ్బడు తల్లిని వదిలి యుద్ధానికి పోతాడు. వంతెన దగ్గర అందరూ పడిపోతారు. సుబ్బడు ఒక్కడే దాటతాడు. చివర్లో మంచులో నడుచుకుంటూ ఇంటికి వస్తాడు. తలుపు కొడతాడు. తల్లి లేస్తుంది. "వచ్చినాడు! తల్లీ కొడుకూ కలిసినారు!" అని ఖలందర్ సాయిబు కర్ర పైకెత్తేవాడు. లైట్లు వేసేవాళ్ళు. ఈలలు! పదకొండు సార్లు చూశాను. పదకొండు సార్లూ ఏడ్చాను. అంత మంచి సినిమా మళ్ళీ ఎవడూ తీయలేదు.

ఇంక మూసేస్తున్నాను.

13 సెప్టెంబరు, సోమవారం. రాత్రి 7.30

వీరభద్రయ్య రేడియో ముందు జనం. వార్తల్లో అన్నీ ట్యాంకులే. నేను దారం పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

ఎవడో అడిగాడు, "ట్యాంకంటే ఎట్లుంటాదబ్బా? లారీ మాదిరుంటాదా?"

లారీ మాదిరట! నేనేమీ అనలేదు. కొలతల సుద్ద తీసుకుని, వీరభద్రయ్య అప్పుడే చింపిన ఖాకీ గుడ్డ మీద ట్యాంకు గీశాను. గీయడం మాట్లాడడం కాదు. బాగా వచ్చింది. దాని కింద వంతెన కూడా గీయాల్సి వచ్చింది.

"దావూదూ, ఆ గుడ్డ పోలీసాయనది" అన్నాడు వీరభద్రయ్య.

నాలుగో రోజు కూడా దీక్ష నిలిచింది. గుడ్డ ఉతకాలి.

15 సెప్టెంబరు, బుధవారం. మధ్యాహ్నం 1.15

జమ్మలమడుగు నుంచి కబురు లేదు. జాబు వచ్చి ఉంటే ఎవరితోనైనా చెప్పి పంపేది.

మాట్లాడడానికి వేరే సంగతులేమున్నాయా అని పొద్దున ఆలోచించాను. శనక్కాయల ధర. ఎండ. మళ్ళీ శనక్కాయల ధర. నాకు ఆ సినిమా తప్ప ఏమీ తెలియదని తేలింది.

ఒక రైతు చొక్కా కొలతకు వచ్చాడు. ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదని, సుబ్బడనే లారీ డ్రైవరు కథ చెప్పాను. తల్లిని వదిలి ఎర్రగుంట్లకు లోడు ఎత్తడానికి పోతాడు. దారిలో వంతెన. అటువైపు నుంచి ఇంకో కంపెనీ లారీలు. తుపాకులు లేవు. రాళ్ళు రువ్వుకుంటారు. యుద్ధం లేదు కనుక ఇది ఆ సినిమా కాదు.

"ఎర్రగుంట్లలో మంచు ఎప్పుడు పడె మామా?" అన్నాడు రైతు.

లోపలి నుంచి వీరభద్రయ్య దగ్గాడు. "నేను వినలేదులే" అన్నాడు. మంచి మనిషి.

17 సెప్టెంబరు, శుక్రవారం. ఉదయం 10.40

వినకుండా ఉండాల్సింది. పులివెందుల నుంచి వచ్చిన గుడ్డల వ్యాపారి చెప్పాడు. అక్కడి డేరాలో పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా. ఆదివారం దాకానే. వంతెన ఉందా అని అడిగాను. ఉందన్నాడు. మంచు? ఉందన్నాడు. తల్లి? ఉందన్నాడు.

నాకేమీ కాలేదు. తర్వాత చూస్తే, ఒకే చొక్కాకు రెండూ కుడి చేతులే కుట్టి ఉన్నాను.

18 సెప్టెంబరు, శనివారం. ఉదయం 8.00

గుండీలు అయిపోయాయి. ప్రొద్దుటూరులో గుండీలు దొరకవని కాదు. పులివెందులలో మంచివి దొరుకుతాయని విన్నాను. ఎవరి దగ్గర విన్నానో గుర్తు లేదు.

దీక్షలో ఎక్కడా చూడకూడదని లేదు. మళ్ళీ చదివాను. లేదు.

"గుండీల కోసరం పులివెందులకా!" అన్నాడు వీరభద్రయ్య. "పొయ్‌రా నాయనా. ఆ కుడి చేతుల చొక్కా చూసినంక నిన్ను ఆపి లాభం ల్యా."

19 సెప్టెంబరు, ఆదివారం. పులివెందుల

సాయంత్రం 4.00. గుండీలు కొన్నాను. ఒక డజను.

6.40. డేరా. నేల టిక్కెట్టు. పదిహేనేళ్ళప్పుడు కూర్చున్నట్టే ముందు కూర్చున్నాను.

7.00. మొదలైంది. తెర పక్కన ఎవరూ లేరు! కర్ర పట్టుకుని చెప్పే మనిషే లేడు. ఇప్పుడు అట్లాంటివాళ్ళను పెట్టడం లేదట.

7.10. జనం గోల. "ఏం గొణుగుతాండాడప్పా వాడు?" ఎవడూ సుబ్బా అని పిలవడం లేదు.

7.20. పక్కవాడి చెవిలో ఒక్క మాట చెప్పాను. చెవిలో చెబితే మాట ఎత్తినట్టు కాదు.

7.25. వెనక నాలుగు వరుసల వాళ్ళు గట్టిగా చెప్పమన్నారు.

7.35 నుంచి నేను తెర పక్కన నిలబడి ఉన్నాను.

ఏం చెప్పానో ఏం చెప్పలేదో! ఖలందర్ సాయిబు గొంతు దానంతటదే వచ్చేసింది. తుపాకులన్నీ నోటితో పేల్చాను. వంతెన దగ్గర ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. మంచులో సుబ్బడు నడిచి వచ్చాడు. తలుపు కొట్టాడు. తల్లి లేచింది. నేను చెయ్యి పైకెత్తి, "వచ్చినాడు! తల్లీ కొడుకూ కలిసినారు!" అన్నాను.

లైట్లు వేయలేదు. బొమ్మ ఆగలేదు.

తల్లి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. మంచు ఒక్కటే. ఆమె అట్లాగే నిలబడి చూసింది. తర్వాత వంతెన. రాళ్ళ కుప్ప మీద వాడి ఇనప టోపీ. అంతే. అప్పుడు వేశారు లైట్లు.

నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

"యాడ వచ్చినాడప్పా?" అన్నాడు ముందు వరుసలో ఒక ముసలాయన. "పాయె గదా పిల్లోడు!"

20 సెప్టెంబరు, సోమవారం. ఉదయం 11.00

ముద్దనూరు మీదుగా బస్సులో వచ్చాను. దీక్ష పోయింది. డేరా నిండా మనుషుల ముందు పోయింది. అది కాదు నా బాధ. సుబ్బడు పదకొండేళ్ళుగా చచ్చిపోయి ఉన్నాడు. నేను వాణ్ణి రోజూ ఇంటికి తెస్తున్నాను. ఖలందర్ సాయిబు చివరి ముక్క రాకముందే లైట్లు వేయించేవాడన్నమాట.

ఎందుకో తెలియదు, మున్వర్ మీద భయం మొదటిసారి నాకు ఈ పొద్దే వేసింది. ఇన్నాళ్ళూ వాడు వచ్చేస్తాడనే అనుకున్నాను. సినిమాలో వచ్చాడు కనుక. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఖమ్రున్నీసాకు వేరేవాళ్ళు చెప్పేలోపల నేనే పోయి చెబుతాను.

21 సెప్టెంబరు, మంగళవారం. జమ్మలమడుగు. సాయంత్రం

చెప్పాను. గుమ్మంలో నిలబడే చెప్పాను. పులివెందుల, గుండీలు, తెర పక్కన నిలబడడం, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సుబ్బడు రాలేదు, ఖమ్రూ" అన్నాను.

"నాకు తెల్సు" అంది.

"నీకెట్ల తెల్సు?"

"ఆ యేడే డేరా ఈడికీ వచ్చె గదా. మా అమ్మతో పోయింటి. ఖలందర్ సాయిబు కర్ర ఎత్తె, లైట్లు ఏసిరి, మీ మగోళ్ళంతా తోసుకుంటా బయటికి పాయిరి. ఆడోళ్ళు మాత్రం కూర్చోండి, మగోళ్ళు పోయినంక లేద్దురు అనిరి. కూర్చోనుంటిమి. సినిమా మిషను ఆపలే. లైట్ల వెలుతురులో మసగ్గా ఉండె గానీ బొమ్మ కనపడె. తలుపు, టోపీ, అన్నీ."

"ఆడోళ్ళందరూ చూసినారా?"

"అందరం చూసినాం."

"మరి ఊళ్ళో ఒక్కరు కూడా చెప్పలేదే!"

"చెప్పి ఏం చేస్తాం? మీరంతా ఈలలేసుకుంటా పోతాంటిరి."

పదకొండు సార్లూ డేరాలోంచి మొదట బయటపడింది నేనే.

"ఐదేండ్లు కాపురం చేసినాం. నాకన్నా చెప్పకూడదా?"

"నువ్వు ఆ తలుపు కాడికి వచ్చేసరికి నీ మొగం ఎట్లుంటాదో నీకు తెలీదు. చెప్పబుద్ధి కాల్యా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మున్వర్ జాబు ఆగినప్పట్నుంచి నా కండ్ల ముందు ఆ టోపీనే. నువ్వు జాడీ జరిపే కొద్దీ టోపీనే. అందుకే ఆపమంటి."

లోపల మంచం మీద నుంచి మా అత్త చాంద్‌బీ పిలిచింది. "అల్లుడా, ఆ సినిమా చెప్పు. ఖలందర్ సాయిబు చెప్పినట్ల చెప్పు."

ఖమ్రున్నీసా వైపు చూశాను. చెప్పమని తల ఊపింది.

చెప్పాను. ఇద్దరూ ఆడవాళ్ళ వైపు కూర్చుని టోపీ చూసినవాళ్ళే. తలుపు దగ్గరికి వచ్చాను. మాట తడుముకుని, "వచ్చినాడు" అన్నాను.

"వచ్చినాడు గదా" అంది మా అత్త. "రేపు మళ్ళా చెప్పు."

23 సెప్టెంబరు, గురువారం

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారట. జాబు మాత్రం రాలేదు. రెండు సార్లు చెప్పాను.

27 సెప్టెంబరు, సోమవారం

ఇప్పటికి తొమ్మిది సార్లు. వంతెన త్వరగా దాటిస్తే ఒప్పుకోవడం లేదు. నాకే విసుగు పుట్టింది. ఈ మాట నేను రాస్తానని ఎవరన్నా అనుకున్నారా!

ప్రొద్దుటూరు నుంచి వీరభద్రయ్య కబురు: పోలీసాయన ప్యాంటు అడుగుతున్నాడు.

4 అక్టోబరు, సోమవారం. మధ్యాహ్నం 12.20

జాబు వచ్చింది! వాడి చేతి రాతే!

ఆడవాళ్ళిద్దరికీ చదువు రాదు, జాబు చదివిపెట్టేది నేనని వాడికీ తెలుసు. గుమ్మంలో కూర్చుని నేనే గట్టిగా చదివాను. ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమ చెయ్యి రెండు వేళ్ళు పోయాయి. మిగతా అంతా బాగున్నాడు. దీపావళికి సెలవు ఇస్తామన్నారు. మా అత్త నేల మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు.

అడుగున ఇంకో నాలుగు వరుసలు ఉన్నాయి. "బావా, నాతో కర్నూలు పిల్లోడొకడు ఉండె. నా పక్కనే ఉండె. వాళ్ళమ్మకు జాబు రాయమని నన్నే అడిగినారు. మూడు దినాలుగా కాయితం ముందర పెట్టుకోనుండా. ఏం రాయల్ల?"

చదవడం ఆపాను.

"ఇంకేం రాసినాడు?" అంది మా అత్త.

"అందరినీ అడిగినానని రాసినాడు."

తర్వాత దొడ్లో ఖమ్రున్నీసా నా ఎదురుగా వచ్చి నిలబడింది. "అడుగున ఏముండె?"

దాచలేదు. చదివాను. ఇద్దరమూ కూర్చుని ఏడ్చాం. పేరు కూడా తెలియని పిల్లవాడికోసం.

5 అక్టోబరు, మంగళవారం. ప్రొద్దుటూరు. ఉదయం 9.20

ఖమ్రున్నీసా దుప్పట్లతో సహా ఇంటికి వచ్చింది.

దీక్ష మళ్ళీ మొదలు. ఈసారి వేరే. మున్వర్ దీపావళికి వస్తాడు. వాడు ఏది చెబితే అది వినాలి. మధ్యలో అందుకోకూడదు. వాడు ఏమీ చెప్పకపోతే, ఆ ఏమీ చెప్పనంతసేపూ పక్కన కూర్చోవాలి. దానికి అలవాటు కావాలి కనుక, నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు ఎవరు మాట్లాడినా చివరిదాకా వింటాను.

9.30. వీరభద్రయ్య మోకాళ్ళ నొప్పి గురించి చెబుతున్నాడు. వింటున్నాను.

9.50. ఇంకా ఎడమ మోకాలే.

10.05. ఒకే ఒక్క మాట అన్నాను, మా పెద్దమ్మకు కూడా అట్లాగే ఉండేదని. తర్వాత పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది.

రేపే మొదటి రోజు.