కంకర ఊడ్చాక

లూలెయో, ఏప్రిల్

అన్నెలీ అక్కకు,

నిన్న నీ సైకిల్‌ని సెల్లార్‌లోంచి పైకి తెచ్చాను. "అమ్మెయ్యవే, తుంటి విరిగాక ఇంక నేనెక్కేదేముంది" అని ఫోన్‌లో నువ్వన్నది మరిచిపోలేదు. అయినా గొలుసు తుడిచి నూనె వేశాను, చక్రాలకు గాలి కొట్టాను. కింది వాటా టూరె చూసి నవ్వాడు. "ఎండ కనబడితే చాలు, నీకు మనసాగదు! చలికాలం పట్టు కోసం మంచు మీద చల్లిన కంకర ఇంకా రోడ్డు మీదే ఉంది, జర్రున జారతావ్ తల్లీ." మంగళవారం ఊడుస్తారట.

నిన్నడక్కుండానే సీటు బాగా దించాను, రెండు పాదాలూ నేలకు ఆనేలా. జాలి అనుకుంటావేమో. జాలేనేమో, నాకూ తెలియడం లేదు. బుధవారం రా. అమ్మెయ్యమనే మాట ఆ సీటు మీద కూర్చుని చెప్పు, వింటాను.

నీ చెల్లి