అమ్మ పాట ఉన్న కార్డు

శుక్రవారం, నరసరావుపేట.

తమ్ముడు ఇంట్లో సొంతంగా పెట్టుకున్న సర్వర్ కంప్యూటర్ చచ్చింది. "మన ఫొటోలు, పాటలు పరాయి కంపెనీ చేతిలో ఏందక్కా?" అని అందరివీ అందులోకి ఎక్కించి, ఫోన్లలో చెరిపించాడు. రెండో కాపీ పెట్టుకోలేదు. ఆరోజు నా పాత మెమరీ కార్డు చూసి, "దాన్నీ దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకో" అని అందరిలో నవ్వాడు.

చనిపోయిన అమ్మ పాడిన హారతి పాట కూడా పోయింది. సాయంత్రం వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అక్కా, అమ్మ పాట నీ దగ్గరేమన్నా ఉందా?"

"లేదురా. నువ్వే చెరిపెయ్యమన్నావు గదా."

ఏడుస్తూ పోయాడు. తలుపు వేసి, కుంకుమ భరిణె కింది నుంచి కార్డు తీశాను. పాట వింటూ హారతి ఇచ్చాను.

ఇది కూడా పాడైతే నా అబద్ధం నిజమైపోతుంది. రేపు రెండో కాపీ తీయించాలి. వాడికి చెప్పకుండా.