ఖాళీ డిష్

జూన్ 4

పిల్లను బడి మాన్పించి ఎనిమిది నెలలు. ఇంట్లో చదువు సరిగ్గా సాగుతోందో లేదో చూడ్డానికి విద్యాశాఖ ఆఫీసు నుంచి మేడమ్ పంతొమ్మిదిన వస్తుందట. ఆమెకు నచ్చకపోతే మళ్లీ అదే బడికి పంపాలి. అక్కడ ఏడాదంతా నోరు విప్పలేదు ఇది. చచ్చినా పంపను.

ఆమెకు చూపించడానికి బ్యాక్టీరియా ప్రాజెక్ట్ చేస్తానంది పిల్ల. సరే అన్నాను.

జూన్ 6

బ్యాక్టీరియాకు మేతగా అగర్ పొడి, చక్కెర, సూప్ నీళ్లు మరగబెట్టి మూతలున్న ఆరు చిన్న డిష్‌లలో పోశాను. గట్టిపడ్డాక పిల్ల ఇయర్‌బడ్‌తో తలుపు గొళ్లెం, రిమోట్, కూరలు కోసే చెక్క, సింక్, వాళ్ల నాన్న ఫోన్ తుడిచి ఒక్కోదాంట్లో రాసింది. ఆరోది ఖాళీ. అందులో ఏమీ పెరగకపోతేనే మిగతావాటిని నమ్మొచ్చట. అన్నిటికీ టేప్ వేసి ఫ్రిజ్ మీద బోర్లించింది. ఫస్ట్ ర్యాంక్ ఫోన్‌దే అన్నాను. ఆయన ఉడుక్కున్నారు.

జూన్ 7

ఏమీ లేదు.

జూన్ 9

పెరిగాయి. ఆరింట్లోనూ! ఖాళీదాంట్లో ఫోన్ కంటే ఎక్కువ.

ఇంకా పది రోజులే ఉన్నాయి. దాన్ని పారేసి శుభ్రమైనది ఇంకోటి పెట్టేద్దాం, ఎవరు చూడొచ్చారు అన్నాను. ఆయనా తలూపారు. పిల్ల ఆ డిష్ పట్టుకుని గదిలోకి పోయి గడియ వేసుకుంది. నాకు సిగ్గేసింది. భయం అంతకంటే ఎక్కువగా వేసింది.

జూన్ 10, ఉదయం 7

లేవగానే పిల్ల విచారణ. గిన్నె కడిగావా, గ్లోవ్స్ వేసుకున్నావా, మూత ఎప్పుడు పెట్టావు. పోలీసులు నయం. చివరికి అదంతా మళ్లీ చేసి చూపించమంది. విసుక్కుంటూనే మరగబెట్టాను, పోశాను. పొగలు కక్కుతోంది. నా ప్రమేయం లేకుండానే నోరు సున్నా చుట్టింది. ఉఫ్ ఉఫ్ అని ఊదాను.

పదేళ్లుగా దాని పాలు చల్లార్చిన నోరు మరి! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇది పట్టింది. ఇద్దరం నవ్వలేక చచ్చాం.

జూన్ 11

కొత్తగా నాలుగు డిష్‌లు. రెండింటి మీద నేను ఊదాలి. మిగతా రెండూ పోసేటప్పుడు నా నోటికి గుడ్డ కట్టింది.

జూన్ 15

ఊదినవాటి నిండా చుక్కలు. ఊదనివి అద్దాల్లా ఉన్నాయి.

రిపోర్ట్ రాసేసింది. కారణం: అమ్మ ఊదడం. కనీసం పొరపాటు అని రాయవే అని బతిమాలాను. ససేమిరా అంది. ఈ తల్లికి పాఠం చెప్పడం రాదని మేడమ్ రాసుకుంటుంది. రాసుకోనీ. దాని రిపోర్ట్‌లో నేను ఒక్క అక్షరం మార్చను.

జూన్ 19

మేడమ్ నన్ను బయట కూర్చోమంది. అరగంట సేపు తలుపవతల ఒకటే గొంతు. మేడమ్‌ది కాదు.

ఇంకో ఏడాదికి సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ పిల్లకు కాస్త మంచినీళ్లివ్వమంది.