పోపు పొగ కాదు

మంగళవారం రాత్రి, షాంటిలీ

హీటర్ ఆపేసి ఉంది. మా పాప చిన్నీకి రెండు స్వెటర్లు వేసి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టాను. అయినా మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

ఆదివారం కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే ఇంటి ఓనర్ మూర్తి అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. "పోపు పెట్టుంటావమ్మా. కిటికీ తియ్యి, అదే ఆగిపోతుంది." నిజంగానే అప్పుడే పప్పుకి పోపు పెట్టాను. కిటికీ తీస్తే ఆగింది కూడా. నమ్మేశాను.

ఈరోజు మళ్లీ మోగింది. పొద్దుటి నుంచీ స్టవ్ వెలిగించనే లేదు. చిన్నీని ఎత్తుకుని బయటికి పరిగెత్తి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేశాను. ఫైర్ వాళ్లు వచ్చి చూసి, హీటర్ పొగగొట్టం పగిలి విషవాయువు ఇంట్లోకే వస్తోందన్నారు. దానికి వాసన ఉండదట. పోపుకి ఆ అలారం మోగదట.

సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు. "శనివారం బాగుచెయ్యడానికి మనవాళ్లబ్బాయిని పంపిస్తా. అందాకా హీటర్ కొంచెం తక్కువలో పెట్టుకోండి, చలి కదా."

రవి "సరే అంకుల్" అనేశాడు! మా పెళ్లిరోజుకి కేకు తెచ్చిన మనిషిని ఏమంటామని నా మీదే విసుక్కున్నాడు.

నేనే మెసేజ్ రాద్దామని కూర్చున్నాను. "అంకుల్" అని మొదలుపెడితే చివరికి "పర్లేదండీ" అనే వస్తోంది. ఆ మాట కొట్టేసి, "లైసెన్స్ ఉన్న మెకానిక్‌ని రేపే పంపండి. అప్పటిదాకా హీటర్ వెయ్యం" అని పంపించేశాను.

ఆయన చూశారు.

చలి పెరుగుతోంది. రవి ఇంకా నిద్రపోలేదు. చలికి లేచి హీటర్ వేసేస్తాడేమో, తను పడుకునేదాకా నేను పడుకోను.