అక్క మానేసిన షుగరు మాత్రలు

మంగళవారం రాత్రి, మార్కండి

ఇందుమూలంగా మా ఇంటి పిల్లికి తెలియజేయడమేమనగా, ఎండు చేపల బుట్ట నేటి నుంచి దానిదే. మనుషులకు వాటితో ఇక పని లేదు.

అక్కను బరంపురం ఆస్పత్రిలో చేర్చి వచ్చాను. కాలి పుండు నల్లబడింది. పాదం దక్కేదీ లేనిదీ రేపు చెబుతారట. వాట్సాప్‌లో వచ్చిన మాట విని షుగరు మాత్రలు మానేసింది, ఎండు చేప తల నానబెట్టిన నీళ్లు తాగుతోంది.

"ఆ నీల్లు తాగమని ఎవులు సెప్పినారే నీకు?" అని బావ అడిగాడు.

"బరంపురం పెద్ద డాక్టరుబాబు. ఒడియాలో ఎంత బాగా సెప్పినారో. మా తమ్ముడు సెప్తే నమ్ముతానేటి? ఆడిదంతా ఎకసెక్కం."

మా వాడలో అంతే. ఆస్పత్రిలో డాక్టర్లు ఒడియాలో మాట్లాడతారు కాబట్టి, ఫోన్లో ఒడియాలో ఏది వినిపించినా వైద్యమే. ఆయన పేరేమిటి, ఏ ఆస్పత్రి అని ఒక్కరూ అడగలేదు.

వచ్చేస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆ బాబు కాడికి నన్నోపాలి తీసుకెల్లరా. ఆరే నా కాలు నిలబెడతారు."

ఎక్కడికని తీసుకెళ్లను? అలాంటి డాక్టరు ఎక్కడా లేడు. వాడ జనమంతా ఆ కంపు నీళ్లు తాగుతుంటే నవ్వుకుందామని, గొంతు మార్చి ఆ మాటలు గ్రూపులో పెట్టింది నేనే.